టాసిటా పడక

మూంటా,
1994 ఆగస్టు 3, బుధవారం.

చిరంజీవి లవ్‌డేకు నీ అన్న జేబెజ్ క్షేమం కోరి వ్రాస్తున్న లేఖ.

మూడేళ్ళుగా మన మధ్య క్రిస్మస్ కార్డులు తప్ప మరేమీ నడవలేదు. వాటిలోనూ అచ్చువేసిన వాక్యం కింద సంతకం చేయడానికి మించి మనమిద్దరం శ్రమపడలేదు. అందుచేత ఈ మందపాటి కవరు చూసి ఎవరో పోయారని భయపడతావేమో. ఎవరూ పోలేదు. ఒకరు వచ్చారు.

మా ఇంటికి ఒక ఎలుక వచ్చింది. వచ్చింది అనడం సత్యం కాదు, నేనే తెచ్చుకున్నాను. కడినా సంతలో పాములను పెంచే మనిషి ఒకడు అట్టపెట్టె నిండా ఎలుకలతో కూర్చున్నాడు. అవి పాముల ఆహారం. మిగిలినవన్నీ ఒకదానిపై ఒకటి పడి పెనుగులాడుతుంటే, తల నల్లగా ఒళ్ళు తెల్లగా ఉన్న ఒకటి మాత్రం మూలన కూర్చుని రెండు చేతులతో ముఖం కడుక్కుంటున్నది. ఆదివారం ప్రార్థనకు ముందు మన నాయన పెరటి తొట్టి దగ్గర కడుక్కున్నట్టే, చెవుల వెనుక దాకా. డెబ్బై తొమ్మిదవ ఏట నాకు అంతకంటే పెద్ద కారణం అవసరమనిపించలేదు. చెవులు పూర్తిగా పోయిన నాటినుంచి మెడలో పలక వేసుకుని తిరుగుతున్నాను కదా, ఆ మనిషి దాని మీద "ఏ పాముకి తాతా?" అని వ్రాశాడు. "నాకే" అన్నాను. ఏమని అర్థం చేసుకున్నాడో, రెండడుగులు వెనక్కి జరిగాడు.

దానికి టాసిటా అని పేరు పెట్టాను. లాటిన్‌లో మౌనంగా ఉండేది అని అర్థం. ఎలుకలు తమలో తాము చెప్పుకునే మాటలు ఏ మనిషి చెవికీ అందనంత సన్నని స్వరంలో ఉంటాయట. అంటే దాని ముందు నేనూ, దివ్యమైన చెవులున్న పొరుగింటి క్లారెన్సూ ఒక్కటే. ఈ పన్నెండేళ్ళలో నన్ను చెవిటివానిగా చూడని మొదటి ప్రాణి ఇది.

ఇక అసలు సంగతి. దాని ఒంటి నిండా పురుగులు. పగలంతా గోక్కుంటున్నది. మెడ మీద పెచ్చులు కట్టాయి. మంగళవారాల్లో మా ఊరు వచ్చే పశువైద్యుని వద్దకు తీసుకువెళితే, "మాస్టారూ, వీటిని చంపే మందైతే నా దగ్గర ఉంది, బతికించే మందు లేదు" అని పలక మీద వ్రాసి తానే నవ్వుకున్నాడు. పోయిన సంవత్సరం చిట్టెలుకల దండు బార్లీ చేలను ఊడ్చిపెట్టిన సంగతి ఈ ఊరు ఇంకా మరువలేదు. కారు నడపడం మానివేశాను గనుక వేరే ఊరి వైద్యుని దగ్గరకు పోలేను.

నీవు నలభై ఏళ్ళుగా వేల గొర్రెల ఒంటి పురుగులతో యుద్ధం చేస్తున్నదానివి. ప్రళయకాలంలో ఓడ ఎక్కిన ప్రతి జీవి వెంటా దాని పేలు కూడా ఎక్కి ఉండాలి. ఆ నలభై దినాలూ ఓడ పెద్ద ఏమి చేశాడో లేఖనం చెప్పలేదు. నీవైనా చెప్పు.

ఆశీస్సులతో,
జేబెజ్

•

ట్రెగెర్స్ వెల్ గొర్రెల క్షేత్రం, హాకర్ దాటి,
1994 ఆగస్టు 9, మంగళవారం.

అన్నయ్యా,

నువ్వు బాగానే ఉన్నావు, ఎలుకకి లాటిన్ పేరు పెట్టే ఓపికుందంటే.

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివాను. మా బర్ట్ గొర్రెల్ని కాస్తూ ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే పడున్నాడు కదా, ముద్ద నోట్లో పెట్టుకునే, "అమ్మా, మీ అన్నగారు దానికి చెవికి బిళ్ళ కూడా కొడతారా? ఉన్ని కోతకి రమ్మంటే నేను రెడీ" అన్నాడు. నవ్వి నవ్వి పొలమారింది. ఈ ఇంట్లో అంత నవ్వి చాలా రోజులైంది, అందుకు నీకు థాంక్స్.

పాములవాడి దగ్గర్నుంచి వచ్చిందంటే పేలు పట్టే ఉంటాయి. ఇరుకు పెట్టెలో కుక్కితే గొర్రెలకీ అంతే. మా గొర్రెల మందే బాగా పలచన చేసి చిన్న సీసాలో పంపిస్తున్నాను. సీసా మీద వెనిల్లా అని చీటీ ఉంటుంది, నీ కళ్ళజోడు నీకెప్పుడూ దొరకదు, కేకులో వేసుకునేవు జాగ్రత్త. నాలుక అందని చోట, మెడ వెనకాల, ఒక్క చుక్క. పది రోజులాగి ఇంకో చుక్క. మొదటిసారి గుడ్లు చావవు, అందుకని రెండోది.

మోర్వెనా ఉంటే ఏమనేదో! నీకు పెళ్ళామై నాకు వదిన కాకముందు, అది నా బెంచీలో కూర్చున్న స్నేహితురాలు. ఎలుకని చూస్తే కుర్చీ ఎక్కి కేకలేసి, నువ్వటు వెళ్ళగానే దానికి జున్నుముక్క పెట్టేది. మోర్వెనా బూడిదరంగు స్వెట్టరు నిన్న ఎందుకో గుర్తొచ్చింది. మా పెంపుడు గొర్రె ఉన్ని అది. నేనే వడికాను, నేనే అల్లాను. మా ఆయన పొట్టేలు కొమ్ము చెక్కి బొత్తాలు చేశాడు. మనిషిని మట్టిలో పెట్టిన వారానికే దాన్ని చర్చి దానాల పెట్టెలో పడేశానన్నావు. గుర్తుగా ఉంచుకుంటాను, నాకియ్యి అని నేనడిగాక మరీ! సరేలే, పాతవి తవ్వను. తవ్వనంటూనే తవ్వేశాను.

మెయిల్ బండి మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తుంది. ఇప్పుడు గేటు దగ్గరుంది.

లవ్‌డే

•

మూంటా,
1994 ఆగస్టు 20, శనివారం.

చిరంజీవి లవ్‌డేకు,

సీసా పన్నెండవ తేదీనే చేరింది. ఆ రోజే ఒక చుక్క వేశాను. ఒక చుక్క అనడం సులువు. నా కుడిచేయి సంవత్సరం నుంచి వణుకుతున్నదని నీకు చెప్పలేదు. చెబితే ఏమి చేయగలవని చెప్పలేదు. టాసిటాను మోకాళ్ళ మధ్య నిలిపి, ఎడమచేతితో కుడిచేతి మణికట్టు పట్టుకుని, లాటిన్ పద్యపాదానికి గురులఘువులు లెక్కించినట్టు శ్వాస లెక్కించుకుంటూ వేశాను. ఒకటే పడిందని నా నమ్మకం.

ఐదు రోజులు అది గోక్కోవడం మానివేసింది. నా భుజం మీదికి ఎక్కి చెవి తమ్మెను ముక్కుతో తట్టింది. ఏదో చెప్పి ఉంటుంది. ఆరవ రోజున మళ్ళీ మొదలు. పెచ్చులు ఇప్పుడు వీపు మీదికి పాకాయి.

దాని పడక శుభ్రంగానే ఉన్నది. పెట్టె అడుగున పరచిన వార్తాపత్రికను ప్రతిదినమూ మారుస్తున్నాను. నీవు జ్ఞాపకం చేసిన వస్త్రం గురించి ఇప్పుడు చెప్పగలిగినది ఏమీ లేదు. ఇచ్చివేసినదాని జాడ వెదకడం ఇచ్చినవానికి తగని పని అని పెద్దలు అన్నారు.

మన దక్షిణార్ధగోళపు ఆగస్టు చలి ఈ ఏడు ఎక్కువగానే ఉన్నది. టాసిటా వెచ్చగానే నిద్రపోతున్నది.

జేబెజ్

•

ట్రెగెర్స్ వెల్,
1994 ఆగస్టు 26, శుక్రవారం.

అన్నయ్యా,

పెద్దలు అన్నారని నువ్వు రాస్తే ఆ పెద్దలు నువ్వేనని నాకు చిన్నప్పట్నించీ తెలుసు.

చెయ్యి వణుకుతోందని ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు? నేనేమీ చెయ్యలేను నిజమే. కానీ తెలిసుండేది కదా.

ఇప్పుడు జాగ్రత్తగా విను, కాదు, చదువు. పురుగు చావకపోతే మేం ముందు మందుని అనుమానించం, పోసిన చేతిని అనుమానిస్తాం. ఆ తర్వాత బీడుని. మందేసిన మందని మళ్ళీ పాత బీడులోకి తోలడం ఇక్కడ పదేళ్ళ పిల్ల కూడా చెయ్యదు. ఖాళీగా ఉంచిన కొత్త బీడులోకే తోలతాం, లేకపోతే పాత గడ్డిలో ఉన్నది తెల్లారేసరికి మళ్ళీ ఎక్కి కూర్చుంటుంది. నీ ఎలుకకి ఆ పెట్టే బీడు. అందులో ఉన్నదంతా పారేశావా? కాగితం కాకుండా గుడ్డగానీ, ఉన్నిగానీ ఏమన్నా ఉందా? ఒక్క ముక్కలో చెప్పు. పద్యం వద్దు.

రెండో చుక్క వేసెయ్యి.

ఉన్ని కోతవాళ్ళు వచ్చే నెల దిగుతున్నారు. పన్నెండు మందికి మూడు పూటలా వండాలి. బర్ట్ రోజూ అడుగుతున్నాడు, "మన మూంటా గొర్రెపిల్ల ఎలా ఉందమ్మా?" అని.

లవ్‌డే

•

మూంటా,
1994 సెప్టెంబరు 5, సోమవారం.

చిరంజీవి లవ్‌డేకు,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. లేదు. కాగితం తప్ప ఏమీ లేదు.

రెండవ చుక్క గడిచిన బుధవారం వేశాను. నాలుగు రోజులు నెమ్మది, తరువాత యథాప్రకారం. ఇప్పుడు మెడ వెనుక డాలరు బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి ఎర్రగా కనబడుతున్నది. బరువు తగ్గింది. అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది వేరు. అది ముఖం కడుక్కోవడం మానివేసింది. చేతులు ఎత్తుతుంది, ముక్కు దాకా తెస్తుంది, ఎందుకు ఎత్తిందో మరచినట్టు దించివేస్తుంది. నేనూ రోజుకు నాలుగుసార్లు వంటగదిలోకి వెళ్ళి ఎందుకు వచ్చానో మరచి నిలబడతాను. ఆ నిలబాటు ఎటువంటిదో నాకు తెలుసు.

క్లారెన్స్ ప్రహరీ మీదుగా ఎలుకలబోను ఒకటి అందించి, పలక అడిగి తీసుకుని, "మాస్టారూ, దాని బాధా తీరుతుంది, ఊరి బాధా తీరుతుంది. వెన్న నేనే రాసిపెట్టాను" అని వ్రాశాడు. అతనిది క్రూరత్వం కాదు. పోయినేడు అతని విత్తనమంతా అవి తిన్నాయి. బోను తిరిగి ఇచ్చివేశాను. వెన్న వృథా పోకుండా రొట్టెకు పూసుకున్నాను.

లవ్‌డే, నలభై సంవత్సరాలు పిల్లలకు మృతభాష నేర్పినవాణ్ణి. బ్రతికి ఉన్నదాన్ని బ్రతికించడం నాకు ఎవరూ నేర్పలేదు. మోర్వెనా మంచాన ఉన్న నెలల్లోనూ నేను చేసింది పక్కన కూర్చుని చదవడమే. ఆమె వింటున్నదో లేదో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు దీని పక్కన కూర్చుని అదే చేస్తున్నాను. ఏమి చేయాలో చెప్పు. నీవు చెప్పినది చెప్పినట్టు చేస్తాను.

జేబెజ్

•

ట్రెగెర్స్ వెల్,
1994 సెప్టెంబరు 9, శుక్రవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాక నవ్వు రాలేదు. బర్ట్ కూడా టోపీ పెట్టుకుని బయటికెళ్ళిపోయాడు.

కాగితం తప్ప ఏమీ లేదన్నావు గనక చెబుతున్నా. నీ మాట నమ్మితే ఇంక మిగిలింది మందే. మరీ పలచన చేశానేమో. గొర్రెకైతే ఇలాంటప్పుడు రెండింతలు పోసి చూస్తాం. ఈసారి రెండు చుక్కలు వెయ్యి. ఒకటి మెడ వెనక, ఒకటి భుజాల మధ్య. అంత చిన్న ఒంటికి రెండంటే నాకూ గుబులుగానే ఉంది. కానీ అలా చూస్తూ కూర్చుంటే అదెలాగూ నిలవదు.

కోతవాళ్ళు దిగారు. మోచేతుల దాకా పిండే.

మోర్వెనా వింది అన్నయ్యా. నేనొచ్చినప్పుడు నాతో అంది, "మీ అన్న చదువుతుంటే ఒక్క ముక్క అర్థం కాదే, కానీ ఆపితే మెలకువొచ్చేస్తుంది" అని. ఇన్నాళ్ళు నీకు చెప్పలేదు. నీ మీద కోపంతో.

లవ్‌డే

•

మూంటా,
1994 సెప్టెంబరు 12, సోమవారం.

చిరంజీవి లవ్‌డేకు,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఊరకుండలేక వ్రాస్తున్నాను.

టాసిటాలో మార్పు లేదు. దాని విషయం పక్కన పెట్టి, నీకు నవ్వు తెప్పించే సంగతి ఒకటి చెబుతాను. నిన్న చర్చిలో వాక్యం చదివే వంతు నాది. నిలబడి చదువుతూ చదువుతూ మణికట్టు గోక్కున్నానట. తరువాత నడుము. మన సభలో ముందు వరుస అంతా నన్ను చూసి గోక్కోవడం మొదలుపెట్టింది. గడియారం పట్టీ కిందా, నడికట్టు చోటా సన్నని ఎర్రని చుక్కలు వరుస కట్టి లేస్తున్నాయి నాకు. పది పన్నెండు దినాలుగా ఉన్నాయి, ఉదయం లేచేసరికి కొత్తవి. ముసలి చర్మం కదా, ఏదో పడలేదనుకున్నాను. బూడిదలో కూర్చుని పెంకుతో గోక్కున్న లేఖనంలోని ఆ నీతిమంతుడు నా కంటే అదృష్టవంతుడు. ఆయనకు ఓదార్చను ముగ్గురు స్నేహితులైనా వచ్చారు.

ఇది ఎలుక సంగతి కాదు, వృద్ధాప్యపు సంగతి. మనస్సులో పెట్టుకోవద్దు.

జేబెజ్

•

ట్రెగెర్స్ వెల్,
1994 సెప్టెంబరు 16, శుక్రవారం.

అన్నయ్యా, రెండు చుక్కలు వెయ్యొద్దు. వెయ్యొద్దు. వేసి ఉంటే వెచ్చగా ఉంచి తేనె నీళ్ళు నాలికకి అద్దుతూ ఉండు.

మెయిల్ బండి వాడు ఇంజను ఆపకుండా హారన్ కొడుతున్నాడు. నీ ఉత్తరం ఇచ్చిందీ వాడే, ఇది పట్టుకెళ్ళేదీ వాడే. ఇంకో రెండు నిమిషాలు ఆగమని బర్ట్‌ని కేకు ముక్కతో పంపాను.

గొర్రె పేను మనిషిని కుట్టదు. ఎలుక పేనూ కుట్టదు. నిన్ను కుడుతున్నాయంటే అవి పేలు కావు, నల్లుల్లాంటివి. పేను ఒంటి మీద కాపురం ఉంటుంది. నల్లి పరుపులో కాపురం ఉండి, ఆకలేసినప్పుడు వచ్చి తాగి పోతుంది. నువ్వు ఒంటి మీద ఎన్ని చుక్కలు వేసినా అవి ఇంట్లో కూర్చుని నవ్వుకుంటాయి. ఆ మందంతా ఆ పిచ్చిదాని రక్తంలోకి పోతోంది అంతే.

కాగితంలో నల్లి కాపురం పెట్టదు. అన్నయ్యా, ఆ పెట్టెలో ఏదో ఉంది. అదేదో నాకక్కర్లేదు, కాల్చెయ్యి. కాల్చలేకపోతే మరగబెట్టు.

నీ ఉత్తరం చదవగానే క్లారెన్స్‌కి ఫోన్ చేశాను, పరిగెత్తుకెళ్ళి నీకు చెప్పమని ఈ ఉత్తరంలో రాసేదే వాడికి చెబుదామని. "ఎలుక కోసం ఫోనా లవ్‌డే? చస్తే చర్చి గంట నేనే కొడతాను" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

కోతవాళ్ళు మంగళవారం దాకా ఉంటారు. పన్నెండు మందిని పస్తు పెట్టి రాలేను. ఏం చెయ్యను చెప్పు. రెండింతలు అని రాసిన చేత్తోనే

లవ్‌డే

•

మూంటా,
1994 సెప్టెంబరు 20, మంగళవారం.

నా చెల్లెలా,

నీ లేఖ ఈ ఉదయం చేరింది. చుక్కలు ఆదివారమే వేశాను.

నీ మునుపటి లేఖ బుధవారం వచ్చింది. మూడు రోజులు ధైర్యం చాలలేదు. ఆదివారం ఆరాధన ముగిసి, ఇంటికి వచ్చి, చెప్పినది చెప్పినట్టు చేస్తానన్న మాట జ్ఞాపకం వచ్చి వేశాను. రెండు అన్నావు. నా చేతి వణుకుకు మూడు పడి ఉండవచ్చు. సాయంకాలానికి టాసిటా నడవబోయి పక్కకు ఒరిగింది. నిన్నటి నుంచి లేవడం లేదు. తేనె నీళ్ళు అద్దితే ఒకసారి నాకింది. ఇది నీ చేయి చేసిన పని అని ఒక్క క్షణం కూడా అనుకోవద్దు. నీవు అడిగిన ప్రశ్నకు నేను అబద్ధం చెప్పాను. నీ మందు ఆ అబద్ధం మీద లెక్కవేసిన మందు.

లవ్‌డే, ఆ స్వెట్టరు దానాల పెట్టెలో నేనెన్నడూ వేయలేదు.

నీవు అడిగిన రోజున అది నా తలగడ కింద ఉన్నది. ఇస్తే ఉండదు. ఇవ్వను అంటే, దానికి నా కంటే నీకే హక్కు ఎక్కువని ఇద్దరికీ తెలుసు. అందుకని పెట్టెలో వేశానన్నాను. ఒకసారి అన్నాక దాన్ని ఇంట్లో బయటపెట్టుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. మూడేళ్ళు బీరువాలో పెట్టి, తలుపు వేసుకుని తీసేవాణ్ణి. మనలో ఉత్తరాలు ఆగిపోయింది నీ కోపం వల్ల కాదు. వ్రాస్తే ఎక్కడ బయటపడుతుందోనన్న నా భయం వల్ల.

టాసిటా వచ్చిన రోజు చలికి వణికింది. ఆ పూట బీరువాలోంచి తీసి కుర్చీ మీద వేసిన ఆ స్వెట్టరు ఎడమ చేతిలోకి తానే దూరి, పిడికెడంత ముద్దయి నిద్రపోయింది. మూడేళ్ళ తరువాత ఆ చేతిలో ఒక ప్రాణి కదలడం చూశాను. తీయలేకపోయాను. పెట్టెలో అలాగే పరిచాను. కాగితం మాత్రం ప్రతిదినమూ మార్చాను, అది అబద్ధం కాదు. సగం నిజంతో నిండిన అబద్ధం ఎంత బరువు మోస్తుందో పిల్లలకు ఎన్ని పాఠాలలో చెప్పానో!

నీ లేఖ చదివి స్వెట్టరును కిటికీ వెలుగులో తిరగవేశాను. చంక కుట్టులో, కాలరు మడతలో మిరియపు పొడి చల్లినట్టు. పొడి కదిలింది.

కాల్చలేకపోయాను. పెరట్లో రాగి కాగు పెట్టి మరిగించాను. ఉన్నిని మరిగిస్తే ఏమవుతుందో నీకు చెప్పనక్కరలేదు. మోర్వెనా భుజాలకు నిండుగా ఉండేది. ఇప్పుడు రెండు జానలు. అట్టలా బిగిసింది. బొత్తాలు మాత్రం అలాగే ఉన్నాయి. తీగ మీద వేశాను. ఆ కొలతకు ఇక ఈ లోకంలో సరిపోయేది ఎలుక ఒక్కటే. అది చూడడానికి టాసిటా ఉంటుందో ఉండదో.

పెట్టెను సున్నపు నీటితో కడిగాను. టాసిటాను చర్చికి వేసుకునే నా నల్లకోటులో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. ఊపిరి ఉన్నదో లేదో నాకు వినబడదు. అరచేయి వేసి చూద్దామంటే, కదిలేది దాని పక్కటెముకలా, నా చేయా తెలియడం లేదు.

ఈ ఉత్తరం నీకు శుక్రవారం గాని అందదు. అప్పటికి రెండింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఏది జరిగినా నీవు నన్ను క్షమించవలసినది అంతే ఉంటుంది, తగ్గదు.

జేబెజ్

•

మూంటా, నీ వంటగది బల్ల మీద,
బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

అన్నయ్యా,

పలక నీ మెడలో ఉంది, లాగితే లేస్తావని కవరు వెనకాల రాస్తున్నాను.

కోతవాళ్ళు నిన్న సాయంత్రం వెళ్ళారు. పొద్దున్నే ట్రక్కు తీశాను. వీధి తలుపు పది నిమిషాలు బాదాను, బుద్ధి లేక. క్లారెన్స్ ప్రహరీ మీదుగా తొంగిచూసి, "ఎలుక పోయిందా?" అన్నాడు. "నువ్వింకా ఉన్నావుగా" అన్నాను. పెరటి దారిన లోపలికొచ్చాను.

తీగ మీద ఉన్నది చూశాను. కొంతసేపు ఏమిటో అర్థం కాలేదు, ఏదో బొమ్మకి తొడిగేదనుకున్నాను. తర్వాత బొత్తాలు చూశాను. మా ఆయన చెక్కినవి, ఐదోది కొంచెం వంకర. ఎక్కడున్నా గుర్తుపడతాను. నువ్వు నాకు రాసిన ఉత్తరం ఏదో ఈపాటికి దారిలో ఉండే ఉంటుంది. అందులో ఏముందో ఇంటికెళ్ళాక చదువుకుంటాను. తొందర లేదు. నీళ్ళ కాగు పక్కన కూర్చుని కాస్త ఏడ్చాను, దాని గురించి నాతో మాట్లాడకు.

నువ్వు కుర్చీలో నిద్రపోతున్నావు. ఒడిలో నల్లకోటు, కోటు మీద నీ చెయ్యి. మూడేళ్ళలో ఎంత ముసలాడివయ్యావురా అన్నయ్యా. ఒళ్ళంతా ఆ చుక్కలే.

నీ చెయ్యి కింద నా వేళ్ళు పెట్టి చూశాను. కదులుతోంది. కానీ నిద్రలో కూడా నీ చెయ్యి వణుకుతూనే ఉంది. ఏది నీదో ఏది దానిదో తెలియలేదు. గొర్రెల్లో అయితే నేనెప్పుడూ తప్పు చెప్పను, చెవి ఆనిస్తే చాలు. ఇంత చిన్నదానికి చెవి ఎక్కడ ఆనించను?

బతుకుతుందో లేదో నాకు తెలియదు. నన్నడగొద్దు. మాంసం కూరిన పాస్టీలు ఓవెన్‌లో పెట్టాను. నేను ముందుగదిలో ఒక గంట నడుం వాలుస్తాను. తర్వాత నా వంతు, నువ్వు పడుకోవాలి. లేచాక నన్ను లేపు. లేపడానికి అరవకు, నీకు నీ గొంతు వినబడదు గానీ క్లారెన్స్‌కి వినబడుతుంది. భుజం తడితే చాలు.

ఇంకొకటి. చివరికి నీ చెయ్యి నెమ్మదిగా ఎత్తి కుర్చీ పక్కన పెట్టాను. అయినా కోటు కదిలింది.

లవ్‌డే